గుత్త, ముచ్చిలిక, లైసెన్సు: ఆదవాని సీమలో పని ఒప్పుకొన్న విధము

ఆదవాని బజారులో ఇల్లు కట్టించుచున్న గృహస్థును పలుకరించినచో "పని గుత్తకిచ్చినాము" అని చెప్పును. చదువుకొన్నవారు కంట్రాక్టు అందురు గాని, సామాన్యుల నోట నేటికిని గుత్త మాటయే వినబడును. ఈ చిన్న మాట మోసిన బరువు చిన్నది కాదు. చెరువుకట్ట వేయుటకు ఒప్పుకొన్నవాడు గుత్తదారు. ఊరి శిస్తును వేలము పాడుకొన్నవాడును గుత్తదారే. సారాయి దుకాణము పాడుకొన్నవాడు, సంతలో తట్టకింత యని వసూలు చేసినవాడు, నేడు రోడ్డు వేయుచున్నవాడు, అందరును గుత్తదారులే. కట్టువానికిని, వసూలు చేయువానికిని ఒకే పేరేల వచ్చినదని నాకు చిరకాలముగా వింతగా తోచుచుండెను. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల చరిత్రను చూచుకొని వచ్చినకొలది ఆ వింతకు కొంత సమాధానము దొరకినది. దొరకినంత మేర శ్రోతలకు విన్నవించెదను.

ముందుగా ఈ నేలను గూర్చి ఒక మాట. ఆదవాని రాతికొండల పాదమున వెలసిన ఊరు. కొండ దిగిన పిమ్మట ఎమ్మిగనూరు వైపు పోవుకొలది నల్లరేగడి. రేగడి ప్రత్తికి తల్లి, గోడకు సవతితల్లి. వాన పడినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు చేయి పట్టునంత నెఱ్ఱెలు విచ్చును. పునాదిని గట్టినేల దాక దింపనివాని గోడ కొలది ఏండ్లకే బీటలు తీయును. కావున ఇచ్చట బేల్దారి పనితనము కంటికి కనబడునది కాదు, భూమిలో పూడ్చబడునది. ఇల్లు కట్టించువాడు తాను చూడలేని పనికి డబ్బు చెల్లింపవలెను. గుత్త వ్యవహారములోని చిక్కంతయు ఇందే కలదు. చూడలేని పనికి పూచీ యెవరు?

పూర్వులు ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు దశబంధము. రాయలసీమ గ్రామముల పాత లెక్కలలో దశబంధపు ఇనాములు తరచుగా కానవచ్చును. స్వంత ద్రవ్యముతో చెరువో బావియో కట్టించినవానికి ప్రభువు కొంత భూమిపై శిస్తు తగ్గించియో మాన్పియో ఇచ్చెడివాడు. షరతు ఒక్కటే: ఆ చెరువును చెడిపోకుండ కాపాడుచుండవలెను. కట్ట తెగి, బాగుచేయక విడిచినచో ఇనాముపై హక్కు పోవును. కట్టినవానిని, వాని కొడుకును, మనుమని సయితము ఆ కట్టకు ముడివేసిన ఒప్పందమిది. నేటి టెండరు కాగితములలో పని ముగిసిన పిమ్మట లోపములకు కంట్రాక్టరు బాధ్యుడగు గడువు ఒకటి వ్రాయుదురు. అది సామాన్యముగా ఏండ్లలో లెక్కించునది, తరములలో కాదు. దశబంధమునందు సుగుణమే కాని దోషము లేదని నేననను. వంశము క్షీణించిన చోట చెరువును క్షీణించెను. అయినను కట్టినవాని లాభము కట్ట నిలుచుటపై ఆధారపడి యుండెనన్న మాట మరువరానిది.

పెద్ద పనులు ప్రభువులు తామే నడిపించిరి. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనము ఇందుకు సాక్ష్యము. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని, ధనధాన్యముల వ్యయమునకు మితి లేదని అందు చెక్కించిరి. నేటి ఆడిటరు ఆ కడపటి మాటను చూచినచో ఊరుకొనడు! మట్టి పనిలో వడ్డెవారిది అందె వేసిన చేయి. త్రవ్విన గోతి నడుమ అక్కడక్కడ త్రవ్వకుండ మట్టి దిమ్మలను నిలిపి, వాని ఎత్తునుబట్టి ఎంత మన్ను తీసినదియు కొలుచుట మట్టిపని లెక్కలలో చిరకాలముగా సాగిన పద్ధతి. వ్రాత రానివానికి ఆ దిమ్మయే రసీదు. కొలత ముగియువరకు దానిని ఎవరును కూల్చరాదు.

కాగితపు విలువను గూర్చి ఈ సీమలో చెప్పుకొను ఒక కథ కలదు. పదునేడవ శతాబ్దిలో బీజాపూరు సుల్తానుల పక్షమున సిద్ది మసూదు ఖాను ఆదవానిని ఏలెను. ఊరిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. ఆ కాలమున వెంకన్న అను పశువుల కాపరికి నవాబు ఒక లేఖనిచ్చి చదువుమనెననియు, చదువు రాని ఆ బాలుడు రాఘవేంద్రస్వామిని తలచుకొని గడగడ చదివెననియు, ఆ పిమ్మట దివానయ్యెననియు భక్తులు చెప్పుకొందురు. నేటి మంత్రాలయమైన మంచాల గ్రామము మఠమునకు దానముగా వచ్చుట ఈ కథలోని తరువాతి ఘట్టము. కథలోని మహిమ మాట అటుండనిచ్చి, అందలి లౌకిక సత్యమును గమనింతము. ప్రభువు చేతి కాగితమును చదువగలిగినవాని జీవితము ఒక్క పూటలో మారిపోయెను. చదువలేనివానికి మార్పు లేదు. ఈ సంగతిని మరల తలచుకొనవలసి వచ్చును.

1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో ఊరూరు తిరిగి పొలములు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించుకొను పద్ధతిని నడిపెను. 1807లో ఆయన స్వదేశమునకు వెళ్ళెను. ఆ మరుసటి యేడే పైవారు ఆ పద్ధతిని మాన్పి, గ్రామములను మూడేండ్ల గుత్తకు, ఆపైని పదేండ్ల గుత్తకు ఇచ్చిరి. పాడుకొన్నవాడు ముచ్చిలిక వ్రాసియిచ్చి, జామీనుదారుని చూపి, ఊరిపై పడెను. వానికి కావలసినది గడువులోగా రాబడి. చెరువు పూడినచో వానికేమి? పదేండ్లకు పిమ్మట ఊరు వానిది కాదు. కాలము కలిసిరాని యేట రైతు పారిపోయెను, గుత్తదారు దివాలా తీసెను, జామీనిచ్చినవాడు చెరసాల చూచెను. కడకు 1820 తరువాత రైతువారీ పద్ధతి మరల వచ్చినది. అప్పటికి మన్రో మద్రాసు గవర్నరై యుండెను. 1827 జులై 6వ తేదీన ఈ జిల్లాలలో పర్యటించుచు, ఆదవానికి చేరువనున్న పత్తికొండలో వాంతిభేది సోకి మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు అచ్చట తోపు నాటించి, రాతికట్టుడు బావి త్రవ్వించిరి. గుత్తదారులను నమ్మని మనిషి జ్ఞాపకమునకు గుడి గోపురము గాక త్రాగునీటి బావి కట్టుట సముచితముగా నున్నది.

గుత్త అను మాటకు పట్టిన తుప్పు ఆ పదమూడేండ్లదే యని నా యభిప్రాయము. దశబంధపు కాగితము కట్టినవానిని పనికి బంధించినది. శిస్తు గుత్త కాగితము పాడుకొన్నవానిని గడువుకు మాత్రమే బంధించినది. మాట ఒకటే, బంధము వేరు.

చెరువుల మరామత్తు అప్పటిలో కలెక్టరు కచేరి క్రింద నుండెను. శిస్తు వసూలు చేయు చేతులే మరామత్తు లెక్కలును వ్రాసెడివి. 1850 దశకమున విచారణ సంఘములు తప్పులెన్నిన పిమ్మట పబ్లిక్ వర్క్సు శాఖ వేరుగా ఏర్పడినది. ఇంజనీరు అంచనా వేయుట, టెండరు పిలుచుట, ధరావతు కట్టించుకొనుట, కొలతల పుస్తకమున వ్రాసి బిల్లు చెల్లించుట క్రమముగా అలవాటయ్యెను. ఆ కొలతల పుస్తకము సామాన్యమైనది కాదు. పుటలకు వరుస సంఖ్యలుండును. ఒక్క పుటయు చింపరాదు. వ్రాసినది చెరుపరాదు, కొట్టివేసి ప్రక్కన సంతకము చేయవలెను. వడ్డెవాని మట్టి దిమ్మ కాగితముపైకి ఎక్కినదన్నమాట.

అయితే పెద్ద కంపెనీలతో సర్కారు చేసికొన్న ఒప్పందములు మరొక దారిన నడచినవి. ఇదే కర్నూలు జిల్లాలో సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాక కాలువ త్రవ్వుటకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో పని మొదలిడెను. పెట్టుబడిపై నూటికి అయిదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. కాలువ పారినను పారకున్నను వాటాదారులకు వడ్డీ అందును. నల్లరేగడి రైతులు ఆ నీటిని ఆశించినంతగా కొనలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది. ఆదవాని మీదుగా పోవు మద్రాసు రైలుమార్గమును ఇట్టి హామీతోనే నిర్మింపబడి 1871లో రాయచూరు యొద్ద బొంబాయి మార్గముతో కలిసెను. రైలు మాత్రము ఊరిని మార్చివేసినది. ప్రత్తి బేళ్ళు స్టేషనుకు చేరసాగెను. గింజ తీయు మిల్లులు, బేళ్ళు బిగించు ప్రెస్సులు వెలసెను. ఇల్లు కట్టువానికి చేతినిండ పని దొరకెను. నాటినుండి నేటివరకు ఆదవానిలో కట్టుబడి బజారు ప్రత్తి ధరను చూచి లేచును, ప్రత్తి ధరతోనే కూర్చుండును.

లైసెన్సు అను మాట ఈ ఊరివారి చెవిని మొదట పడినది పన్ను రూపముననే. పూర్వము మగ్గమునకు, అంగడికి, పనిముట్లకు వేసిన మొతర్ఫా 1860 ప్రాంతమున తొలగినది. ఊపిరి పీల్చుకొనునంతలో 1867లో వృత్తి వర్తకములపై లైసెన్సు పన్ను వచ్చినది. అది పోయినది. ఇంతలో ధాత కరువు ముంచుకొని వచ్చినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరువునకు మిక్కిలిగా గురియైన జిల్లాలలో నాడు ఆదవాని కలిసియున్న బళ్ళారి ఒకటి. రోడ్లపై కంకర కొట్టి కూలి తెచ్చుకొన్నవారెందరో, కొట్టుచునే కూలినవారెందరో. జనము పీనుగులై పడియున్న ఆ యేడు ముగియకమునుపే, రాబోవు కరువులకు నిధి కూర్చవలెనని 1878లో మద్రాసు లైసెన్సు పన్ను చట్టమును చేసిరి. అంగడి పెట్టుకొన్నవాడు రుసుము చెల్లించి కాగితము పుచ్చుకొనవలెను. ఆ కాగితము వాని నేర్పును పరీక్షింపదు, కొనువానిని రక్షింపదు. రుసుము ముట్టినదని మాత్రము చెప్పును. 1886 నాటి ఆదాయపు పన్ను చట్టముతో దాని ముచ్చట ముగిసినది గాని, లైసెన్సనగా పన్నే యను భావము జనులలో పాదుకొనిపోయెను.

1865లో ఏర్పడిన ఆదవాని మునిసిపాలిటీ ఈ భావమును కొంత సవరించినది. ఇల్లు కట్టుట ఇరుగుపొరుగులకును సంబంధించిన పనియే యను తలంపు పురపాలక చట్టములతో వచ్చినది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము ప్రకారము కట్టదలచినవాడు స్థలపటము, కట్టడపు ప్లాను జతపరచి దరఖాస్తు పెట్టుకొనవలెను. అధికారి గడువులోగా అవునో కాదో చెప్పవలెను. కాదన్నచో కారణము చూపవలెను. గడువు మీరి మిన్నకున్నచో దరఖాస్తుదారు కౌన్సిలుకు విన్నవించుకొనవచ్చును. సర్కారు మౌనమునకు శిక్ష వ్రాసిన చట్టములు తక్కువ. ఇది వానిలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము 1965లో దాని స్థానమున వచ్చినది. 2016 నుండి రాష్ట్రమున ప్లాను అనుమతులు కంప్యూటరు ద్వారమున నడువసాగినవి. కాని ప్లాను కాగితము గోడ ఎచ్చట నిలుచునో చెప్పును. పునాది రేగడి దాటినదో లేదో ఎవరు దిగి చూచిరి?

లైసెన్సు బలహీనునికి కాపుగా నిలిచిన సందర్భము ఒకటి ఈ సీమలోనే కలదు. అది ప్రత్తి బజారు. పూర్వము అనేక ప్రత్తి బజారులలో దలారులు గుడ్డ చాటున వ్రేళ్ళు నొక్కి బేరము కుదుర్చుకొనెడివారు. సరకు రైతుది, ధర మాత్రము రైతుకు తెలియదు. 1933 నాటి మద్రాసు వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము, దాని దారిన వచ్చిన 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము, కొనువానికి, దలారికి, తూకము వేయువానికి సయితము లైసెన్సు ఉండవలెననినవి. ఇచ్చట అడిగినది రుసుమొక్కటే కాదు. ధర బహిరంగముగా పలుకవలెను, తూకము సరిగానుండవలెను, తప్పినచో లైసెన్సు పోవలెను. ఆదవాని యార్డులో మోసము పూర్తిగా మాసినదని చెప్పజాలను; అయినను రైతు ధరను తన చెవులతో వినుచున్నాడు.

ఎమ్మిగనూరు మరియొక దారి చూపినది. నూలు అప్పిచ్చిన షావుకారుకే బట్ట అప్పజెప్పుచు నలిగిన నేతగాండ్రను కూర్చి మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. పని యిచ్చువాడు, చేయువాడు అను భేదమును తగ్గించి, నడుమ మనిషి లాభమును పనివానికే మిగుల్చుట అందలి సూత్రము. మట్టిపనివారు, రాతిపనివారు ఇట్టి సంఘములే పెట్టుకొని సర్కారు పనులు నేరుగా పుచ్చుకొనవచ్చునని తరువాతి కాలమున కూలీల కంట్రాక్టు సహకార సంఘములు వచ్చినవి. ఎమ్మిగనూరు మగ్గమునకు కుదిరినంతగా అది తట్టకు, గునపమునకు కుదురలేదు. మగ్గము ఒకచోట నిలుచును. తట్ట ఊరూరు తిరుగును. కారణము అదియే కావచ్చును.

ఇక పర్మిట్టుల కాలము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మొదలైన సిమెంటు, ఇనుము నియంత్రణలు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను తొలగలేదు. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగిన తుంగభద్ర ప్రాజెక్టు వంటి మహానిర్మాణములకు సిమెంటు కావలసియుండగా, సామాన్యుని వంటయింటికి ఎచ్చట మిగులును? 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వచ్చినది. ఆ యేడే అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, బళ్ళారి మైసూరులో కలియగా, ఆదవాని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. దిగువ కాలువ ఈ పొలముల మీదుగా పారినది. కాని సిమెంటు మాత్రము కచేరి మీదుగానే పారెను. పది బస్తాలు కావలసినవాడు దరఖాస్తు వ్రాయించి, తనిఖీ జరిపించుకొని, పర్మిట్టు పట్టుకొని డిపోకు పోవలెను. 1982లో నియంత్రణ కొంత సడలినది, 1989లో పూర్తిగా తొలగినది.

ఆ దినములలో మా వీధిలో ఒక బేల్దారి యుండెను. తూకపు గుండు వ్రేలాడదీసి ఒంటి కన్నుతో గోడను చూచినచో వెండ్రుకవాసి తేడా కనిపెట్టును. గానుగ సున్నమును నాలుకకు తాకించి పాకము చెప్పును. రేగడిలో పునాది ఎంత లోతు దింపవలెనో, ఏ బావిగట్టున సుద్ద తగులునో అతనికి కంఠపాఠము. కాని అతనికి అర్జీ వ్రాయుట రాదు. పర్మిట్టు తేగలిగినవాడొకడు, గోడ నెన్నడును ముట్టనివాడు, గుత్తదారయ్యెను. మా బేల్దారి వాని క్రింద దినకూలి అయ్యెను. అతనితో నేనొకనాడు "మామా, నీవే పని పట్టుకొనరాదా?" అంటిని. "పని పట్టుకొనుటకు నాకు చేతులున్నవి నాయనా, కాగితము పట్టుకొనుటకు లేవు" అనెను. సిద్ది మసూదు ఖాను ఎదుట వెంకన్నకు జరిగిన మహిమ అందరికిని జరుగదు గదా!

పర్మిట్టు పోయినను కాగితము పోలేదు. సర్కారు పనులు చేయగోరు కంట్రాక్టరులు ఆస్తిని, అనుభవమును, యంత్రసామగ్రిని చూపి తరగతులవారీగా పేరు నమోదు చేసికొనవలెను. టెండరు పెట్టెల యొద్ద కాపు కాచి, పోటీదారులను వెనుకకు మరల్చి, తమలో తాము పని పంచుకొను దురాచారము రాష్ట్రమున ప్రబలగా, 2003 నుండి టెండరులను కంప్యూటరు ద్వారమున పుచ్చుకొనసాగిరి. పెట్టె యొద్ద దుడ్డుకఱ్ఱలు తగ్గినవి. ఇది చిన్న మేలు కాదు. అయితే పై తరగతివాడు పట్టిన పనిని క్రిందివానికి, వాడు మరొకనికి దాటవేయుట యథాప్రకారము సాగుచున్నది. దాటిన ప్రతి గడపయందును కొంత లాభము జారును. కడపటి మేస్త్రీ చేతికి వచ్చునప్పటికి సిమెంటు పాలు తగ్గించుట తప్ప మిగులుబాటుకు వేరు దారి కనబడదు. లైసెన్సు మొదటి గడపలోనే గోడకు వ్రేలాడుచుండును.

కూలివానిని గూర్చి చట్టములు లేకపోలేదు. ఇరువదిమంది లేక అంతకు మించిన కూలీలను పెట్టుకొను కంట్రాక్టరుకు లైసెన్సు కావలెనని 1970లో పార్లమెంటు శాసించెను. 1979లో అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టము వచ్చినది. దాని ప్రకారము ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు కొనిపోవు ప్రతి కూలికిని ఫోటో అతికించిన పాసుపుస్తకము ఇయ్యవలసియుండెను. ప్రయాణపు ఖర్చు, ఇల్లు విడిచినందులకు భత్యము చెల్లింపవలసియుండెను. 1996లో కట్టడపు పనివారి సంక్షేమమునకు నిర్మాణ వ్యయముపై సెస్సు విధించిరి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులు ఈ చట్టములను తమలో కలుపుకొన్నవి. ఇందొక విచిత్రము గమనింపుడు. ఆదవాని కూలి హైదరాబాదుకు పోయి గోడ కట్టినచో 2014 జూన్ 2వ తేదీకి ముందు అది స్వరాష్ట్రము, ఆ పిమ్మట పరరాష్ట్రము. అనగా పాసుపుస్తకపు హక్కు ఒక్క రాత్రిలో పుట్టినది. అదే కూలి గుంటూరుకు పోయినచో ఆ హక్కు లేకుండెను. బెంగుళూరుకు పోయినచో మొదటినుండియు ఉండెను. ఈ భేదము తెలిసిన మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. కూలివాని సంగతి చెప్పనక్కరలేదు.

ఈ ప్రాంతమున వలసను సుగ్గి యందురు. వానలు తప్పిన యేట కోసిగి, మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదవాని మండలముల పల్లెలలో పండుగ కాగానే తలుపులకు తాళములు పడును. ముసలివారు, బడికి పోవు పిల్లలలో కొందరు ఇంట మిగులుదురు. మిగిలినవారు గిన్నెలు, దుప్పట్లు, బియ్యపు మూటలు కట్టుకొని ఆదవాని స్టేషనులో రైలుకొరకు కూర్చుందురు. మేస్త్రీ వారి నడుమ తిరుగుచు తలలు లెక్కించి, ఎవరెవరికి ఎంత బయానా ఇచ్చినదియు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనును. ఒకనాడు నేను ఆ పుస్తకమును అడిగి చూచితిని. బడిపిల్లలు వాడు గీతల పుస్తకమది. పుటలకు సంఖ్యలు లేవు. మొదటి రెండు పుటలు చింపివేసియుండెను. పేర్ల కెదురుగా అంకెలు, కొన్ని అంకెలపై మరల అంకెలు. "కొట్టివేసిన చోట సంతకము పెట్టవా?" అని అడిగితిని. మేస్త్రీ నవ్వి పుస్తకమును జేబులో పెట్టుకొనెను. అంతలో రైలు వచ్చినది.